చెప్పిన టైముకే

‘రియల్ టైమ్’ అన్న మాటని మనం ఎక్కువగా వేగం అనే అర్థంలో వాడుతుంటాం. కంప్యూటర్ల దగ్గరికొచ్చేసరికి దానికీ వేగానికీ సంబంధం తక్కువ. వంద పనుల్లో తొంభైతొమ్మిదిటిని రెప్పపాటులో చేసేసి, వందోదాన్ని తీరిగ్గా చేసే యంత్రం ఎంత వేగమైనదైనా రియల్ టైమ్ యంత్రం కాదు. మెల్లగా చేసినా సరే, ప్రతి పనినీ, ప్రతిసారీ, చెప్పిన గడువు లోపల చేసేదే రియల్ టైమ్. కారులో ఎయిర్‌బ్యాగ్ సగటున ఎంత త్వరగా తెరుచుకుంటుందో ఎవరికీ అక్కర్లేదు. గుద్దుకున్న ఆ ఒక్కసారి టైముకి తెరుచుకుందా లేదా, అంతే.

ఈ లెక్కన చూస్తే లినక్స్‌ది పుట్టుకతోనే మాట నిలబెట్టుకోలేని స్వభావం. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ తన 386 కంప్యూటర్ కోసం రాసుకున్నది అది. మొదటి రూపం దాదాపు పదివేల లైన్లు. సరదాకి చేస్తున్నాననీ, ఇదేదో పెద్దది అయిపోదనీ ఆ ఆగస్టులో పదిమందికీ పంపిన సందేశంలో తనే చెప్పుకున్నాడు. అతను అనుసరించింది యూనిక్స్ పద్ధతిని. యూనిక్స్ ఉన్నది ఒక యంత్రాన్ని నలుగురు పంచుకోడానికి. తలా కాస్త సమయం దొరుకుతుంది, సగటున అందరికీ బాగానే ఉంటుంది. రోబో చేతికీ రాకెట్ ఇంజనుకీ మాత్రం సగటుతో పని జరగదు.

అదే లినక్స్ 2024 సెప్టెంబర్‌లో, ఎవరి ప్యాచ్‌లూ అతికించుకోకుండా తనంతట తానే, రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అయింది. ఆ పని మొదలైంది 2004లో. ఇరవై ఏళ్ళపాటు ఏం చేశారు? ఎందుకంత ఆలస్యమైంది? టెక్నాలజీ వార్తల్లో ఇది రెండు పేరాల్లో ముగిసిపోయింది. నాకు మాత్రం ఇది మన కాలపు శ్రమ చరిత్రలో ఓ అధ్యాయంలా కనిపిస్తుంది.

అసలు చిక్కు ఏమిటో ముందు చూద్దాం. దానికి అంగారకుడి మీదకి వెళ్ళాలి.

1997 జులై 4న నాసా వారి పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగింది. కొన్నాళ్ళకే దాని కంప్యూటర్ ఉన్నట్టుండి తనంతట తానే రీసెట్ అవడం మొదలుపెట్టింది. దాంట్లో ఉన్నది లినక్స్ కాదు, విండ్ రివర్ అనే కంపెనీ అమ్మే వీఎక్స్‌వర్క్స్. గడువులు పాటించడం కోసమే పుట్టిన వ్యవస్థ అది. అయినా తప్పింది. ఎలా తప్పిందో మన ఆఫీసు భాషలో చెప్తాను. కలెక్టరు గారికి ఓ ఫైలు కావాలి. అది గుమస్తా దగ్గర ఉంది. గుమస్తా దాన్ని పూర్తిచేసి ఇచ్చేలోపు తహసీల్దారు వచ్చి అతన్ని వేరే పని మీద కూర్చోబెట్టాడు. తహసీల్దారు గుమస్తా కన్నా పెద్ద, కాబట్టి గుమస్తా నోరెత్తలేదు. ఇప్పుడు కలెక్టరు ఎవరి కోసం ఆగినట్టు? పేరుకి గుమస్తా కోసం, నిజానికి తహసీల్దారు కోసం. పెద్దాయన పని చిన్నాయన పని వెనక్కి పోయింది. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు, ప్రాధాన్యం తలకిందులవడం అన్నమాట. పాత్‌ఫైండర్‌లో గుమస్తా స్థానంలో ఉన్నది వాతావరణ సమాచారం సేకరించే పని, తహసీల్దారు స్థానంలో కమ్యూనికేషన్ పని, కలెక్టరు స్థానంలో నౌకలోని సమాచార మార్గాన్ని నడిపే పని. పెద్ద పని గడువు దాటిపోయేసరికి, ఏదో ఘోరం జరిగిందనుకుని కాపలా యంత్రాంగం మొత్తాన్ని రీసెట్ చేసేది.

మందు అప్పటికే ఉంది. లుయ్ షా, రాగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోస్కీ 1990లో రాసిన పరిశోధన పత్రంలో దాన్ని వివరంగా చెప్పారు. గుమస్తా చేతిలో కలెక్టరుకి కావలసిన ఫైలు ఉన్నంతసేపూ ఆ గుమస్తానే కలెక్టరుగా చూడాలి. తహసీల్దారు అతన్ని కదపడానికి వీల్లేదు. ఫైలు ఇచ్చేశాక మళ్ళీ మామూలు గుమస్తా. ఇది ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్. వీఎక్స్‌వర్క్స్‌లో ఆ సదుపాయం ఉంది కానీ, ఆ తాళానికి ఆపేసి ఉంచారు. భూమ్మీద అలాంటి యంత్రాన్నే నడిపించి చూసి, లోపం పట్టుకుని, సదుపాయాన్ని ఆన్ చేసే మార్పుని అంగారకుడికి పంపారు. రీసెట్‌లు ఆగాయి.

ఆ ఏడాదే న్యూమెక్సికోలోని సొకోరో అనే చిన్న ఊళ్ళో, న్యూమెక్సికో టెక్‌లో, మైకేల్ బరబనోవ్ అనే విద్యార్థి మాస్టర్స్ థీసిస్ సమర్పించాడు. విక్టర్ యొడైకెన్ అతని ప్రొఫెసర్. లినక్స్‌ని రియల్ టైమ్ చేయడం ఎలా అన్నదే విషయం. వాళ్ళ ఉపాయం ఎంత తెలివైనదంటే, చదివినప్పుడు నవ్వొస్తుంది. లినక్స్‌ని బాగుచేయడం మన వల్ల కాదు కాబట్టి బాగుచేయొద్దు, దాన్ని నమ్మించి మోసం చేద్దాం. లినక్స్ కింద ఓ బుల్లి కెర్నల్‌ని పెట్టారు. అసలు యంత్రం దాని చేతుల్లో ఉంటుంది. గడువున్న పనులన్నీ అదే చూసుకుంటుంది. ఏ పనీ లేనప్పుడు మాత్రమే, అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యమున్న పనిగా, లినక్స్ మొత్తాన్ని నడవనిస్తుంది. లినక్స్ అప్పుడప్పుడూ ‘నేను ముఖ్యమైన పనిలో ఉన్నాను, ఎవరూ తలుపు కొట్టొద్దు’ అని ఇంటరప్ట్‌లని మూసేస్తుంది కదా, ఇక్కడా మూశాననే అనుకుంటుంది. నిజానికి తలుపు తెరిచే ఉంటుంది. ఆ సంగతి దానికి తెలియదు. దీనికి ఆర్‌టీలినక్స్ అని పేరు పెట్టారు.

బాగా పనిచేసింది. కానీ యొడైకెన్ ఈ పద్ధతి మీద పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో 1999 నవంబర్‌లో మంజూరైంది. జీపీఎల్ లైసెన్సు కింద పంచుకునేవాళ్ళు ఉచితంగా వాడుకోవచ్చు, మిగతావాళ్ళు డబ్బు కట్టాలి అన్నారు. ఆ లైసెన్సు జీపీఎల్‌కి విరుద్ధమని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2001లో అభ్యంతరం చెప్పింది, తర్వాత దాన్ని సవరించారు. తగాదా తీరింది గానీ అనుమానం పోలేదు. ఫ్యాక్టరీ యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీకి రేపు ఎవరైనా నోటీసు పంపుతారేమో అన్న భయం చాలు, ఆ దారి వదిలేయడానికి. మిలాన్ పాలిటెక్నిక్ ఏరోస్పేస్ విభాగంలో పావొలో మాంటెగాజ్జా అప్పటికే ఆర్‌టీఏఐ పేరుతో ఇలాంటిదే నడుపుతున్నాడు. పేటెంట్ నీడ పడకుండా ఉండడానికి కరీం యాగ్మూర్, పాత పరిశోధన పత్రాల ఆధారంగా, ఆడియోస్ అనే మరో నిర్మాణాన్ని ప్రతిపాదించాడు. ఫిలిప్ జెరుమ్ జెనోమాయ్ మొదలుపెట్టాడు. రెండు కెర్నల్‌ల పద్ధతి ఇలా కొమ్మలు వేసింది. 2007లో ఆర్‌టీలినక్స్‌ని కొన్నదెవరో తెలుసా? విండ్ రివర్. అంగారకుడి మీద ఉన్న వీఎక్స్‌వర్క్స్ వాళ్ళే.

పేటెంట్ సంగతి అలా ఉంచినా, రెండు కెర్నల్‌ల పద్ధతిలో నాకు కనిపించే లోటు ఇంకొకటుంది. గడువున్న పని కింది గదిలో జరుగుతుంది. లినక్స్ సంపద అంతా, అంటే నెట్‌వర్కు, ఫైళ్ళు, వేల డ్రైవర్లు, పై అంతస్తులో ఉంది. కింద ఉన్నవాడు పైనున్నది ఏది ముట్టుకున్నా గడువు పోతుంది. ప్రోగ్రామర్ తన ప్రోగ్రామ్‌ని రెండు ముక్కలు చేసుకుని మెట్లెక్కి దిగుతుండాలి. గడువు మరీ బిగుతుగా ఉన్నచోట ఇప్పటికీ ఆ పద్ధతే మేలనేవాళ్ళున్నారు, వాళ్ళ వాదనలో బలముంది. కానీ మామూలు లినక్స్ ప్రోగ్రామరెవరైనా మామూలు పద్ధతిలో రాసుకోగలగాలంటే, మొత్తం ఇల్లు బాగుచేయక తప్పదు.

ఇల్లు బాగుచేయమని మొదట గట్టిగా అడిగింది రాకెట్లవాళ్ళు కాదు, సంగీతం వాళ్ళు. సీడీ నాణ్యత ధ్వనికి సెకనుకి 44,100 నమూనాలు కావాలి. 64 నమూనాల చొప్పున పంపిస్తే ఒక్కో విడతకి గడువు ఒకటిన్నర మిల్లీసెకన్ల లోపే. అది దాటితే స్పీకర్లో టక్కుమంటుంది, రికార్డింగ్ పాడవుతుంది. ఆనాటి లినక్స్‌లో ఏదైనా ప్రోగ్రామ్ కెర్నల్ లోపలికి వెళ్ళిందంటే, తనంతట తాను బయటికి వచ్చేదాకా ఇంకెవరికీ ప్రాసెసర్ దొరికేది కాదు. డిస్కు కాస్త ఎక్కువసేపు తిరిగితే పాట ఆగిపోయేది. 2000లో ఆడియో ప్రోగ్రామర్లు కలిసి లైనస్‌కి ఓ బహిరంగ లేఖ రాశారు. ఇంగో మోల్నార్, ఆండ్రూ మోర్టన్ ఆలస్యాలు తగ్గించే ప్యాచ్‌లు రాశారు. రాబర్ట్ లవ్ నడిపిన ప్యాచ్ 2002లో కెర్నల్‌లోకి వెళ్ళింది. కెర్నల్ లోపల ఉన్న ప్రోగ్రామ్‌ని కూడా మధ్యలో ఆపి ఇంకొకరికి అవకాశం ఇవ్వడం అప్పుడు మొదలైంది. తాళం చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఆపకూడదు.

ఆ ‘మాత్రం’ దగ్గరే కథంతా ఉంది.

కెర్నల్ లోపల ఒకే సమాచారాన్ని ఇద్దరు ఒకేసారి మార్చకుండా తాళాలుంటాయి. వాటిలో ఎక్కువ వాడేది స్పిన్‌లాక్. హాస్టల్ బాత్‌రూమ్ ఊహించుకోండి. లోపల ఒకడున్నాడు. బయటివాడు వెళ్ళి పడుకోడు, తలుపు ముందే నిలబడి ‘అయిందా, అయిందా’ అని కొడుతూనే ఉంటాడు. లోపలివాణ్ణి ఎవరూ మధ్యలో బయటికి లాగకూడదు. లోపలి పని క్షణంలో అయిపోతుందన్న నమ్మకం మీద నడిచే ఏర్పాటు ఇది. చాలాసార్లు అలాగే అయిపోతుంది. మొదట్లోనే అనుకున్నాం కదా, రియల్ టైమ్‌కి ‘చాలాసార్లు’ సరిపోదు.

2004 అక్టోబర్‌లో మాంటావిస్టా అనే కంపెనీ ఈ తాళాల స్వభావాన్నే మార్చే ప్యాచ్‌లు బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే ఇంగో మోల్నార్ తన పద్ధతిలో అదే పని మొదలుపెట్టాడు. థామస్ గ్లైక్స్‌నర్ అనే జర్మన్ ప్రోగ్రామర్ చేరాడు, స్టీవెన్ రోస్టెట్ చేరాడు. ప్రీఎంప్ట్-ఆర్‌టీ అని పిలిచే ప్యాచ్ అలా పుట్టింది. దాని ఆలోచన చెప్పడం తేలిక. స్పిన్‌లాక్‌లలో దాదాపు అన్నిటినీ నిద్రపోగలిగే తాళాలుగా మార్చాలి. బయటివాడు తలుపు కొట్టకుండా పడుకుంటాడు, ఖాళీ అయ్యాక లేపుతారు. లోపలివాణ్ణి అవసరమైతే మధ్యలో ఆపవచ్చు. అతని కోసం పెద్దవాడెవరైనా ఎదురుచూస్తుంటే, పాత్‌ఫైండర్ పాఠం ప్రకారం, అతనికి ఆ పెద్దరికం వస్తుంది. హార్డ్‌వేర్ నుంచి వచ్చే పిలుపులకి జవాబిచ్చే పనిని కూడా మామూలు పనుల్లా వరసలో నిలబెట్టాలి.

చెప్పడం తేలికే. కానీ అప్పటికే లక్షల లైన్ల కోడ్‌ని ప్రపంచం నలుమూలలా వేలమంది ‘తాళం చేతిలో ఉంటే నన్నెవరూ కదపరు’ అన్న నమ్మకంతో రాసేశారు. ఆ నమ్మకం ఇప్పుడు పోయింది. ఏ మూల ఎవరు దాని మీద ఆధారపడ్డారో ఎవరికీ తెలియదు. ప్రతి మూలా వెతకాలి.

పైగా ఇంటి యజమానికి ఇదంతా పెద్దగా ఇష్టం లేదు. స్నేహితులన్నవాళ్ళు స్నేహితుల్ని ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ జోలికి వెళ్ళనివ్వరని 2005 చివర్లో లైనస్ ఎద్దేవా చేశాడు. అది నిజంగా అవసరమైందంటే మీ వ్యవస్థే సరిగ్గా లేదని ఆయన ఉద్దేశం. చిత్రంగా, ఆర్‌టీలినక్స్ యొడైకెన్ కూడా ఈ విషయంలో లైనస్ పక్షమే. ఆ పద్ధతికి వ్యతిరేకంగా వ్యాసమే రాశాడు. అయినా 2006లో వచ్చిన 2.6.18 కెర్నల్‌లో ఆ సదుపాయం చేరింది. అదే ఏడాది డెవలపర్ల సమావేశంలో, లినక్స్‌తో లేజర్‌ని నడపాలనుకోవడం పిచ్చితనమే అంటూనే, ఈ గదిలో ఎవరి పిచ్చి వాళ్ళకుంది కాబట్టి నాకేం అభ్యంతరం లేదన్నాడు లైనస్. దాన్ని ఆశీర్వాదమనుకోవాలో వెటకారమనుకోవాలో గానీ, రియల్ టైమ్ వాళ్ళు ఆ మాటని బిరుదులా దాచుకున్నారు.

వాళ్ళ పద్ధతి నాకు నచ్చుతుంది. మా ప్యాచ్ మొత్తం ఒకేసారి తీసుకోండని పట్టుబట్టలేదు. రియల్ టైమ్‌తో పనిలేనివాళ్ళకి కూడా ఉపయోగపడేలా దాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి ఒక్కొక్కటే ఇస్తూ పోయారు. సూక్ష్మమైన సమయాల్ని కొలిచే టైమర్లు 2006లో వెళ్ళాయి. తాళాల వరస తప్పితే ముందే హెచ్చరించే లాక్‌డెప్ అదే ఏడాది వెళ్ళింది. కెర్నల్ లోపల ఏం జరుగుతోందో చూపించే ఎఫ్‌ట్రేస్ 2008లో, ఇంటరప్ట్‌లని వరసలో నిలబెట్టే ఏర్పాటు 2009లో వెళ్ళాయి. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడుస్తున్నది లినక్స్ కెర్నల్ మీదే. లేజర్ల కోసం రాసిన ఈ టైమర్లు దాంట్లోనూ ఉన్నాయి. మొత్తం కెర్నల్‌కి ఒకే తాళంగా పాతరోజుల నుంచీ మిగిలిపోయిన బిగ్ కెర్నల్ లాక్ కూడా 2011కి పోయింది. దాన్ని తీసేయడానికి చాలామంది చేతులు వేశారు, వాళ్ళలో రియల్ టైమ్ వాళ్ళూ ఉన్నారు.

ఇక డబ్బు సంగతి. ఫ్యాక్టరీల్లో, ప్రయోగశాలల్లో, ఆడియో స్టూడియోల్లో ఈ ప్యాచ్‌ని వాడేవాళ్ళు పెరుగుతూ వచ్చారు. ఫాల్కన్-9 రాకెట్‌లో ప్రీఎంప్ట్-ఆర్‌టీ ప్యాచ్‌తో లినక్స్ వాడుతున్నట్టు స్పేస్‌ఎక్స్ ఇంజనీర్లు 2020లో చెప్పారు. మరి ప్రతి కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా ఆ ప్యాచ్‌ని దానికి సరిపడేలా కత్తిరించి కుట్టేది ఎవరు? గ్లైక్స్‌నర్, అతనితోపాటు కొద్దిమంది. కెర్నల్ రెండు మూడు నెలలకోసారి మారుతుంది. బయట ఉన్న ప్యాచ్‌కి అది నిలబడనివ్వని పరుగు. జర్మనీలో ఓఎస్‌ఏడీఎల్ అనే సంస్థ కొన్ని కంపెనీలని కూడగట్టి కొంతకాలం ఖర్చు భరించింది. 2014కి అదీ చాలలేదు. డబ్బు లేదు కాబట్టి ఇకనుంచి దీన్ని తీరిక వేళల్లో చేసే సరదా పనిగా చూస్తానని గ్లైక్స్‌నర్ బహిరంగంగానే ప్రకటించాడు. లైనస్ 1991లో వాడిన మాట అదే, సరదా. ఇద్దరూ అన్నది ఒకటే మాటైనా మధ్యలో ఇరవైమూడేళ్ళ దూరం ఉంది. ఒకటి కుర్రవాడి వినయం. రెండోది, అందరూ వాడుకుని ఎవరూ కూలి ఇవ్వని పనివాడి నిరసన.

మరుసటి ఏడాది, 2015 అక్టోబర్‌లో, లినక్స్ ఫౌండేషన్ ఈ పని కోసం ప్రాజెక్టు ఏర్పాటుచేసింది. గూగుల్, నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఓఎస్‌ఏడీఎల్ వంటివి చేరాయి. పని మళ్ళీ ఊపందుకుంది. 2019లో కెర్నల్ సెట్టింగుల్లో ఆ పేరుతో ఓ గడి కనిపించింది. 2021లో తాళాల అసలు మార్పు లోపలికి వెళ్ళింది. గ్లైక్స్‌నర్ కంపెనీ లినుట్రోనిక్స్‌ని 2022లో ఇంటెల్ కొనేసింది. ఇక ఒకే ఒక్క పెద్ద అడ్డంకి మిగిలింది.

అది ప్రింట్‌కే. కెర్నల్ తన గురించి తాను ఏదైనా చెప్పదలచుకుంటే వాడే ఫంక్షన్. ప్రోగ్రామింగ్ నేర్చుకునే ఎవరైనా మొదటిరోజు తెరమీద ‘హలో’ అని రాయిస్తారు చూడండి, దానికి కెర్నల్ రూపం ఇది. లినక్స్‌లో అతి పాత భాగాల్లో ఒకటి. ఇంత పెద్ద వ్యవస్థని చివరికి ఆపింది ఇదా అనిపిస్తుంది. లెక్క వేస్తే అర్థమవుతుంది. పాత సీరియల్ తీగ మీద సెకనుకి 1,15,200 బిట్ల వేగంతో 80 అక్షరాల వాక్యం ఒకటి బయటికి రావడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. రియల్ టైమ్ వాళ్ళు వంద మైక్రోసెకన్ల ఆలస్యానికే కంగారుపడతారు. ఒక్క వాక్యం దానికి 70 రెట్లు. ఆ వాక్యం పూర్తయ్యేదాకా తలుపులన్నీ మూసి ఉంటాయి.

అయితే తర్వాత తీరిగ్గా ప్రింట్ చేద్దాం అనొచ్చు కదా? అనకూడదు. యంత్రం కుప్పకూలే క్షణంలో ‘తర్వాత’ ఉండదు. ఎందుకు పోతున్నానో అది చెప్పే చివరి మాట బయటికి రావాలి. ఆ మాట లేకపోతే లోపం ఎక్కడుందో ఎన్నటికీ తెలియదు. ఈ విషయంలో లైనస్ మొండితనం న్యాయమైనదే. లినుట్రోనిక్స్‌లో పనిచేసే జాన్ ఒగ్నెస్ 2019 నుంచి దీని మీద కూర్చున్నాడు. ఎవరు ఎప్పుడు ఏం చెప్పినా తాళం లేకుండా రాసిపెట్టుకునే పుస్తకం ఒకటి తయారుచేశాడు. మామూలు రోజుల్లో దాన్ని చదివి బయటికి చెప్పడానికి విడిగా ఓ పనివాణ్ణి పెట్టాడు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మాత్రం, చెప్తున్నవాడి చేతిలోంచి మైకు లాక్కుని నేరుగా మాట్లాడే పద్ధతి. రాయడం, తిరస్కారం, మళ్ళీ రాయడం. దానికి అయిదేళ్ళకి పైగా పట్టింది.

2024 సెప్టెంబర్‌లో లినక్స్ డెవలపర్ల సమావేశాలు వియన్నాలో జరిగాయి. మార్పుని తీసుకోమని అడిగే వినతిని మామూలుగా ఈమెయిల్లో పంపుతారు. గ్లైక్స్‌నర్ దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి, బంగారు రంగు కాగితంలో చుట్టి లైనస్ చేతికిచ్చాడు. ఆ చివరి మార్పులో ఉన్నది చాలా కొద్ది లైన్లు. ఎక్స్86, ఆర్మ్64, రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల మీద ఇకనుంచి దీన్ని ఎంచుకోవచ్చని చెప్పే అనుమతి, అంతే. మిగతాదంతా అప్పటికే లోపల ఉంది. 2024 నవంబర్‌లో వచ్చిన 6.12 కెర్నల్‌తో అది అందరికీ చేరింది. అంతా అయిపోయిందని కాదు. ప్రింట్‌కే కొత్త పద్ధతిలోకి మారాల్సిన కన్సోల్ డ్రైవర్లు అప్పటికి ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. లినక్స్ గడువు తప్పదని చాలాకాలం ఎవరూ రుజువు చేయలేదు, కొలిచి చూపించారు. యంత్రాల్ని నెలల తరబడి నడిపి, అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం ఇంత అని చెప్పేవారు. కొలతలో దొరకనిది లేదని కాదు కదా. ఆ రెండిటి మధ్య వంతెన కట్టడానికి కూర్చున్నవాడు డానియెల్ బ్రిస్టో జి ఒలివేరా. బ్రెజిల్ నుంచి ఇటలీ వెళ్ళి రెడ్ హ్యాట్‌లో పనిచేస్తూ, పీసాలోని సాంటాన్నా విద్యాసంస్థలో పరిశోధన చేశాడు. కెర్నల్ ప్రవర్తనని గణిత నమూనాగా రాసి, గరిష్ఠ ఆలస్యానికి హద్దు ఎలా లెక్కగట్టాలో 2020లో ఒక పత్రంలో చూపించాడు. కొలిచేవాళ్ళ భాషా, రుజువు అడిగేవాళ్ళ భాషా రెండూ వచ్చినవాళ్ళు అరుదు. అతను 2024 జూన్‌లో, నలభై నిండకుండానే చనిపోయాడు. వియన్నా సమావేశానికి అప్పటికి మూడు నెలలైనా లేదు.

అతను పనిచేసిన మరో మార్పు కూడా అదే 6.12లో వెళ్ళింది. గడువున్న పనులకి పూర్తి పెత్తనం ఇచ్చేస్తే ప్రాసెసర్ మొత్తం అవే ఆక్రమించి, మామూలు పనులు ఆకలితో మాడే ప్రమాదం ఉంది. ఇదివరకు దానికి మోటు వైద్యం ఒకటుండేది. ప్రతి సెకనులో చివరి 50 మిల్లీసెకన్లు, అవసరమున్నా లేకున్నా, రియల్ టైమ్ పనుల్ని ఆపేసేవారు. పీటర్ జైల్‌స్ట్రా మొదలైనవాళ్ళతో కలిసి డానియెల్ రాసిన డెడ్‌లైన్ సర్వర్ అలా చేయదు. మామూలు పనులు నిజంగా ఎదురుచూస్తున్నప్పుడు మాత్రమే లేచి, సెకనులో ఆ 50 మిల్లీసెకన్లు వాటికి ఇప్పిస్తుంది. ఎవరూ ఎదురుచూడకపోతే ఊరుకుంటుంది.